మీటరు చూపే సున్నా

వోల్టేజీని తీగ నిరోధంతో భాగిస్తే అందులో పారే ఆంపియర్లు వస్తాయి. జర్మనీ శాస్త్రవేత్త గెయోర్గ్ ఓమ్ 1827లో అచ్చు వేయించిన ఈ చిన్న లెక్కే నేటికీ మల్టీమీటరుకు ఆధారం. 230 వోల్టుల సరఫరాలో 60 వాట్ల బల్బు 0.26 ఆంపియరు తీసుకుంటుంది. తడి ఒంటితో, వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషి నిరోధం వెయ్యి ఓములకు పడిపోయిందనుకుంటే అతని గుండా 0.23 ఆంపియరు పారుతుంది. అంటే గదిలో మామూలు బల్బు వెలగడానికి కావలసినంత కరెంటు ప్రాణం తీయడానికి చాలు, ఇంకా మిగులుతుంది కూడా. లోడు మితిమీరితే పడిపోయే 6 ఆంపియర్ల ఎంసీబీకి ఇది లెక్కలోకే రాదు, అది పడిపోదు. మనుషుల రక్షణ కోసం పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లకే పడిపోయేలా తయారవుతుంది.

టెక్కలి నుంచి పలాస మీదుగా సోంపేట, కవిటి వైపు సాగే ఉద్దానం తీరంలో ఈ లెక్కలకు ఉప్పుగాలి తోడవుతుంది. నౌపడలో ఉప్పు పండించే గాలే తోటల్లోని స్టార్టర్ బాక్సుల మీదా వీస్తుంది. రాగి తీగ చివర పచ్చని చిలుము పడుతుంది, ఇనుప స్క్రూ తుప్పు పట్టి వదులవుతుంది. బోరు కొబ్బరితోట మధ్యలో, కరెంటు మీటరు ఇంటి దగ్గర ఉంటే నడుమ వంద మీటర్ల తీగా, దాని మీద టేపు చుట్టిన రెండు మూడు జాయింట్లూ ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వేల స్తంభాలు నేలకూలాయి. అలాంటి తుపాను వెలిసి సరఫరా తిరిగొచ్చాక ఏ పాయింటులో కరెంటు ఉందో, ఏ తీగ చచ్చిందో తేల్చడమే పెద్ద పని. చాలామంది అందుకు జేబులోని టెస్టర్‌నే నమ్ముకుంటారు.

టెస్టర్ లోపల ఒక చిన్న నియాన్ బల్బు, దానికి వరుసలో పెద్ద నిరోధం ఉంటాయి. వేలు తగిలిస్తే మనిషి గుండా నేలకు పోయే అతి స్వల్ప కరెంటుతో అది వెలుగుతుంది. మధ్యాహ్నపు ఎండలో ఆ వెలుగు కనిపించదు. ఎండు చెక్కబల్ల మీద నిలబడితే మసకబారుతుంది. కాబట్టి టెస్టర్ వెలిగితే ఆ తీగలో ప్రమాదం ఉందనుకోవాలి, వెలగకపోతే ఏమీ తేలలేదనుకోవాలి. అది చెప్పగలిగింది అంతవరకే.

దీనికన్నా చిక్కైన సందర్భం న్యూట్రల్ తెగినప్పుడు వస్తుంది. ఫ్యాను తిరగదు, లైటు వెలగదు, సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ మాత్రం వెలుగుతుంది. స్విచ్ వేసి ఉన్న ఏదో ఒక బల్బు గుండా ఫేజు అవతలి తీగలోకి చేరి, వెనక్కి పోయే దారి లేక అక్కడే నిలిచిపోవడం ఇందుకు కారణం. ఇప్పుడు మల్టీమీటరు తీసి రెండు రంధ్రాల మధ్య కొలిస్తే దాదాపు సున్నా చూపుతుంది. మీటరు తప్పు చెప్పడం లేదు, రెండు తీగల మధ్య తేడా నిజంగానే లేదు. నేలతో పోలిస్తే మాత్రం రెండూ 230 దగ్గర ఉన్నాయి. అందుకే సాకెట్టును ఒక్క కొలతతో వదిలేయకూడదు. ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడూ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న చోట మొదటి రెండూ 230 అటూ ఇటూగా, మూడోది ఒకటి రెండు వోల్టులుగా వస్తాయి. ఎర్త్ గుంత ఎండిపోయిన ఇసుక నేలల్లో ఎర్త్‌తో తీసిన కొలతను కూడా అనుమానంతోనే చూడాలి.

ఇదే న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తెగితే నష్టం వీధంతటికీ పాకుతుంది. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. తక్కువ లోడున్న ఇళ్లకు 230ని దాటి 300 పైన కూడా రావచ్చు. గాలివాన తర్వాత వరుసగా టీవీలు, ఫ్రిజ్‌లు మాడిపోయాయంటే ముందు వెతకాల్సింది ఇక్కడే.

తీగలో సరఫరా లేదని తేల్చడానికి ఎలక్ట్రీషియన్లు పాటించే వరుస ఒకటుంది. ముందు కరెంటు కచ్చితంగా ఉన్న పాయింటులో మీటరు పెట్టి అది పనిచేస్తోందని చూడాలి. తర్వాత పనిచేయబోయే తీగను కొలవాలి. మళ్లీ మొదటి పాయింటుకు వెళ్లి మీటరు ఇంకా బతికే ఉందని చూడాలి. మూడో అడుగును చాలామంది ఎగ్గొడతారు. మధ్యలో ప్రోబు వైరు లోపల తెగినా, బ్యాటరీ అయిపోయినా బయటపడేది ఆ అడుగులోనే. మెయిన్ ఆపాక ఫ్యూజు క్యారియర్‌ను జేబులో వేసుకోవడం పాత పద్ధతే అయినా, ఇంతకన్నా మేలైన తాళం పల్లెటూరి ఇంట్లో దొరకదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని పాయింట్లు బతికే ఉంటాయి. ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను ఇంటి వైరింగ్‌కు కలిపితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా వెనక్కి ఎక్కి, తెగిన లైను సరిచేస్తున్న లైన్‌మన్‌కు తగులుతుంది.

డిజిటల్ మీటరు మరో రకంగా మోసపోతుంది. దాని లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. ఎక్కడా కలపని తీగ కూడా ఫేజు తీగ పక్కన కొంత దూరం నడిస్తే 60, 80 వోల్టులు చూపిస్తుంది. హోల్డర్‌కు కట్టిన బల్బును తగిలించగానే అది సున్నాకు పడిపోతే దొంగ వోల్టేజీ అన్నమాట. మీటరు వాడకంలో అతి ప్రమాదమైన పొరపాటు మాత్రం ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి వోల్టేజీ కొలవబోవడం. ఆ రంధ్రం దాదాపు రాగి తీగతో సమానం, మీటరు చేతిలోనే పేలవచ్చు. బీప్ వినిపించే కంటిన్యుటీ పరీక్ష, ఓముల కొలత సరఫరా తీసేశాకే చేయాలి. స్టార్టర్‌లోని కెపాసిటర్‌ను ముందు డిశ్చార్జ్ చేయాలి.

జాయింట్ల సంగతి ఖాళీ తీగ మీద కొలిస్తే తెలియదు. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు 7 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. చిలుము పట్టిన జాయింటులో ఒక్క ఓము నిరోధం ఉంటే అక్కడ 7 వోల్టులు పోతాయి, 49 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోట అంత వేడికి టేపు కరుగుతుంది. అదే మోటారు ఆపి కొలిస్తే బోరు దగ్గర నిండుగా 230 కనిపిస్తుంది. మోటారు నడుస్తుండగా కొలిచిందే లెక్క. 180కి పడిపోతే మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గి, మామూలులో 60 శాతానికి చేరుతుంది. తిరగలేక మూలిగి, ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాలుతుంది. తప్పు తీగది, ఖర్చు మోటారుది.

తీగ కోయకుండా ఆంపియర్లు చూడాలంటే క్లాంప్ మీటరు. దాని కొక్కెంలో ఒక్క తీగే పెట్టాలి, ఫేజూ న్యూట్రల్ కలిపి పెడితే రెండూ కొట్టుకుపోయి సున్నా వస్తుంది. ఈ సున్నా మాత్రం పనికొచ్చేదే. మిల్లీఆంపియర్లు చూపగల క్లాంపుతో రెండింటినీ కలిపి పట్టినప్పుడు అంకె మిగిలితే ఆ మేరకు కరెంటు నేలలోకి కారుతున్నట్టు.

కారుతున్నది సబ్‌మెర్సిబుల్ మోటారు వైపేనా అన్నది ఇన్సులేషన్ నిరోధం కొలిచే మెగ్గర్ తేలుస్తుంది. స్టార్టర్ నుంచి మోటారు తీగలు విప్పి, తీగకూ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్ పెట్టాలి. పదుల మెగాఓములు వస్తే భయం లేదు. ఒక మెగాఓముకు తగ్గితే నీళ్లలో ఉన్న కేబుల్ జాయింటో, వైండింగో తడి పీల్చినట్టే. పైన నిలబడి ఆ రెండింటిలో ఏదో చెప్పడం కుదరదు కాబట్టి పైపులు విప్పి మోటారును పైకి తీయాలి. చాలాసార్లు దొరికేది జాయింటే.