తీసిన పార్టు మళ్ళీ పెట్టి చూడండి

"ప్రాసెసర్ మార్చాకే సిస్టమ్ ఆగిపోయే ఈ గొడవ మొదలైంది, కాబట్టి ప్రాసెసరే డూప్లికేట్." ఈ వారం నాకు బాగా చిరాకు తెప్పించిన తీర్పు ఇది. బరంపురంలో పాత డెస్క్‌టాప్ మీదే రోజు గడిపే డీటీపీ షాపుల్లో, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే సెంటర్లలో దీన్ని ఎదురు ప్రశ్న లేకుండా ఒప్పేసుకుంటున్నారు. పెళ్ళికార్డుల షాపువాళ్ళు పాత సిస్టమ్‌ను వదలకపోవటానికి కారణం ఉంది. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి, రెంటికీ పేజ్‌మేకర్. ఏళ్ళ తరబడి కూడిన ఫైళ్ళన్నీ అందులోనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది, విండోస్ 11 చూస్తే ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లను, కొన్ని మినహాయింపులు తప్ప, అధికారికంగా ఒప్పుకోదు. అయినా కొత్త సిస్టమ్‌కు డబ్బు పెట్టలేనివారు సెకండ్ హ్యాండ్ ఐ7 ఒకటి తెచ్చి పాత బోర్డులో బిగించుకుంటే నేను తప్పు పట్టను. పాతదాన్ని పారేసేముందు మరోసారి చూడాలన్నది ఈ కాలమ్ చదివేవారికి కొత్త మాట కాదు. నా పేచీ ఆ తర్వాత ఇచ్చే తీర్పుతోనే. కొత్త కోడలు కాలుపెట్టిన వేళ మంచిది కాదని, ఇంట్లో జరిగిన ప్రతి కీడూ ఆమెకు అంటగట్టే పాపిష్టి అలవాటు లాంటిదే ఇది.

మామూలు ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 2012 ప్రాంతంలో కొన్న హెచ్61 బోర్డు, అందులో ఐ3-2100. దాని స్థానంలోకి ఐ7-3770 వచ్చింది. కాగితం మీద కరెంటు లెక్క పెద్దగా పెరగలేదు, 65 వాట్ల నుంచి 77కి. కానీ ఆ అంకె అసలు సంగతి చెప్పదు. ఐ3-2100కి టర్బో లేదు, 3.1 గిగాహెర్ట్జ్ దాటదు. ఐ7 పని పడగానే 3.9 దాకా ఎగబాకుతుంది, తీరగానే దిగుతుంది, పైగా రెండు కోర్లకు బదులు నాలుగు ఒక్కసారి లేస్తాయి. ఆ ఎగుడుదిగుడంతా బోర్డు మీది పవర్ సర్క్యూట్ తట్టుకోవాలి. ఇన్నాళ్ళూ దానికి ఆ పరీక్ష రాలేదు. ఇంకో మార్పు చాలామంది కంట పడదు. ఐ3-2100 ర్యామ్‌ను 1333 దగ్గరే నడిపేది, ఐ7-3770 1600 దాకా నడపగలదు. స్టిక్కర్ మీద 1600 అని ఉన్న ర్యామ్ ఇన్నేళ్ళూ 1333లో హాయిగా నడిచి, ప్రాసెసర్ మారిన రోజున మొదటిసారి తన పూర్తి వేగానికి వస్తుంది. అక్కడ తప్పులు దొర్లితే వచ్చేది బ్లూ స్క్రీన్, నింద మోసేది ఐ7. ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంది కనుక, ఫ్యాన్ బిగించే పిన్నుల్లో ఒకటి సరిగా దిగకపోయినా, సాకెట్‌లో ఒక పిన్ను వంగినా ఒక స్లాట్‌లోని ర్యామ్ కనబడకుండా పోవచ్చు. బయోస్ పాతదైతే అన్న అనుమానం కూడా న్యాయమైనదే, కానీ అది చాలావరకు సిస్టమ్ అసలు స్టార్ట్ కాకపోవటంలోనే బయటపడుతుంది. గంట నడిచి ఆగే జబ్బుకు నేను అక్కణ్ణుంచి మొదలుపెట్టను.

వేడిని మాత్రం అందరూ అనుమానిస్తారు, అవసరానికి మించి. ఇంటెల్ ప్రాసెసర్ హద్దు దాకా వేడెక్కితే ముందు తన వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే ఆరిపోతుంది. ఏమాత్రం నెమ్మదించకుండా ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యే సిస్టమ్‌కు థర్మల్ పేస్ట్ పూసి చేతులు దులుపుకుంటే చాలదు. వేడి చేసే పెద్ద చెరుపు నెమ్మదైనది. అది కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లోను, బోర్డు మీదా ఉన్న కెపాసిటర్లలో జరుగుతుంది. ద్రవం నింపిన కెపాసిటర్ ఆయుష్షుకు పాత లెక్క ఒకటుంది: ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, పెరిగితే సగం. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర సుమారు 32,000 గంటలు పనిచేస్తుంది. షాపు రోజుకు పది గంటలు తెరిచి ఉంటే అది తొమ్మిదేళ్ళకు కాస్త తక్కువ. అదే ఎండాకాలపు ఇరుకు గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో లోపలి వేడి 75కి చేరితే ఆ ఆయుష్షు నాలుగున్నరేళ్ళే. ఇక 2012 నాటి సిస్టమ్ అంటే 2013 అక్టోబర్ 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్‌ను, 2018లో పలాస వైపు దాటిన తిత్లీని గంజాంలో ఉండి చూసిన సిస్టమ్. తుఫాన్ల మాట పక్కన పెట్టినా, సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్ళో ఉప్పుగాలి, ఉక్క ఏడాది పొడుగునా ర్యామ్ అంచుల మీద, కనెక్టర్ల మీద పని చేస్తూనే ఉంటాయి. ఆ వయసు సామానుతో ఐ3 ఎలాగో సర్దుకుపోయింది. ఐ7 సర్దుకోలేదు, అంతే తేడా.

కాబట్టి పార్టులు మార్చి మార్చి చూడటం మానేసి మీటరు పట్టుకుని కొలవాలని నా వాదం తేలేట్టుంది. కానీ సాక్ష్యం అటు పోవటం లేదు. 12 వోల్టుల లైను 11.4కి 12.6కి మధ్య ఉండాలి, మల్టీమీటరు దాన్ని చూపిస్తుంది, నిజమే. అయితే అది చూపేది సగటు. ఎండిపోయిన కెపాసిటర్ వల్ల ఆ లైను మీద వచ్చే అలలు దానికి అందవు; వాటికి ఆసిలోస్కోపు కావాలి, అది గల్లీ షాపులో ఉండదు. విండోస్ రాసుకునే కెర్నల్-పవర్ 41 అన్న ఎర్రగుర్తు సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆరిందని చెబుతుంది, ఎందుకో చెప్పదు. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపినా పరీక్ష పడేది ప్రధానంగా ర్యామ్‌కే, అన్నీ కలిసి లాగే బరువుకు కాదు. ప్రాసెసర్లూ చెడతాయి కదా అనేవారికి 2024 గట్టి ఆధారం. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల లోపల దెబ్బతింటున్నాయని కంపెనీయే ఒప్పుకుని, ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్ళు పెంచింది. అంతకుముందు ఆ ప్రాసెసర్ల మీద గేములు ఆగిపోతూ, వీడియో మెమరీ చాలలేదన్న సందేశం చూపేవి. నింద గ్రాఫిక్స్ కార్డుల మీద పడింది. ఇంకో ప్రాసెసర్ పెడితే గొడవ పోతోందని చూసినవాళ్ళకు అసలు దోషి దొరికాడు. అంటే మార్చి చూడటమే మనకున్న పరికరాల్లో పదునైనది.

మరి లోపం ఎక్కడ? సగంలో ఆపటంలో. ర్యామ్ తీసి ఇంకోటి పెట్టగానే సిస్టమ్ నిలబడిందంటే పాత ర్యామ్ చెడ్డదని కాదు. తీసి పెట్టేటప్పుడు స్లాట్‌లో చిలుము రాసుకుపోయి ఉండవచ్చు. ఉప్పుగాలి ఊళ్ళో ఇది నిత్యం జరగగల సంగతి. పాత ర్యామ్‌నే మళ్ళీ పెట్టినప్పుడు జబ్బు తిరిగొస్తేనే దాని నేరం రుజువైనట్టు. అలాగే ఐ3 తిరిగి పెడితే బాగుందంటే ఐ7 చెడ్డదని అర్థం కాదు, ఐ3 అడిగేదే తక్కువ. ఐ7ను మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న వేరే బోర్డులో పెట్టి చూడాలి. స్క్రూడ్రైవర్ ముట్టకుండా చేయగల మార్పులూ ఉన్నాయి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతం చేస్తే టర్బో ఆగిపోతుంది. గొడవ పోయి, 100కి తిప్పగానే మళ్ళీ వస్తే అనుమానం పవర్ వైపు నడుస్తుంది. బయోస్‌లో ర్యామ్‌ను 1333కి దించి, మళ్ళీ 1600కి ఎక్కించి చూడటం కూడా ఆ కోవలోదే. ఒక్కసారికి ఒక్క మార్పు, మార్చింది మార్చినట్టు కాగితం మీద.

ఎన్నాళ్ళు చూడాలన్నది కూడా లెక్కకు లొంగుతుంది. తోచినప్పుడల్లా, సగటున రోజుకోసారి ఆగే సిస్టమ్ ఏమీ మార్చకపోయినా ఒక రోజంతా ఆగకుండా నడిచే అవకాశం నూటికి 37. మూడు రోజులు నడిచే అవకాశం 5 మాత్రమే. ఒక్క రోజు చూసి "సెట్టయింది" అనటం ఆ 37ను నమ్ముకోవటం.

పెళ్ళిళ్ళ సీజన్లో మూడేసి రోజులు ఎవరు ఆగుతారని షాపు యజమాని అడుగుతాడు. ఐ3 తిరిగి పెట్టుకుని పని నడుపుకోవచ్చు, ఆ మూడు రోజులూ ఐ7 రిపేరు బల్ల మీద పరీక్షలో ఉంటుంది. బాగుపడ్డ సిస్టమ్‌లో చెడ్డ పార్టు మళ్ళీ పెట్టే శ్రమకు కూలి ఎవరిస్తారని రిపేరు కుర్రాడు అడుగుతాడు, అది నిజమైన ప్రశ్న. ఆ కూలి కస్టమరే ఇవ్వాలి, బిల్లులో వేరే వరుసగా రాసి మరీ. పరీక్షకు ఇచ్చేది ఒక పూట కూలి. పరీక్ష లేకపోతే మంచి ఐ7ను తిప్పిపంపి, మరో ఐ7 కొని, దాన్నీ అదే ముసలి ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించాల్సి వస్తుంది.