ముచ్చటపడ్డ సినిమాకే గట్టి ప్రశ్న

బాగోలేని సినిమాను విమర్శించడం తేలిక. జనం గుండెల్లో పెట్టుకున్న సినిమాను నిలదీయడంలోనే విమర్శకుడి సత్తా తెలుస్తుంది. 2001లో ఫ్రాన్స్‌లో ‘అమెలీ’ మీద జరిగిన వాదం నాకు ఈ సంగతి నేర్పింది.

జాన్ పియెర్ జ్యూనే తీసిన ఈ ప్రేమకథలో ఓద్రే తోతూ పోషించిన అమెలీ పారిస్‌లోని మోంమార్త్ర్ కొండమీద ఒక కెఫేలో పనిచేసే పిల్ల. ఎవరికీ తెలియకుండా ఇరుగుపొరుగు బతుకులు చక్కదిద్దుతుంది. తన ప్రేమ దగ్గరికి వచ్చేసరికి బెదిరిపోతుంది. ఫ్రాన్స్‌లో ఆ ఏడాది 80 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. దేశాధ్యక్షుడు షిరాక్ కూడా తన భవనంలో వేయించుకుని చూశారు.

అందరూ మురిసిపోతున్న ఆ సమయంలో సెర్జ్ కగాన్‌స్కీ అనే విమర్శకుడు ‘లిబెరాసియోఁ’ పత్రికలో విరుచుకుపడ్డాడు. ఈ పారిస్‌లో వలస వచ్చినవాళ్లు ఏరీ అని అడిగాడు. వలసల వ్యతిరేక నాయకుడు లె పెన్ ప్రచారానికి ఈ బొమ్మ పనికొస్తుందనేదాకా వెళ్లాడు.

ప్రశ్న న్యాయమైనదే. గోడలమీది రాతలు, వీధుల్లోని కార్లు తీసేసి జ్యూనే తన ఊహల నగరాన్ని కట్టుకున్నాడు. అంత ఏరి కట్టిన దర్శకుణ్ణి, మరి మనుషుల మాటేమిటని అడగాల్సిందే. మరుసటి ఏడాది లె పెన్ అధ్యక్ష ఎన్నికల రెండో రౌండుకు చేరాడు. కగాన్‌స్కీ భయం ఉత్తది కాదు.

తీర్పు మాత్రం అన్యాయం. సినిమాలో కూరగాయల కొట్టు యజమాని తన దగ్గర పనిచేసే లూసియన్‌ను నలుగురిలో కించపరుస్తాడు. అమెలీ ఆ యజమాని ఇంట్లో దూరి చెప్పులు మార్చి, టూత్‌పేస్ట్ బదులు కాళ్లకు రాసుకునే క్రీము పెట్టి బుద్ధి చెబుతుంది. లూసియన్‌గా నటించింది మొరాకో మూలాలున్న జమెల్ దెబూజ్. సినిమా ఎవరి పక్షమో ఆ సన్నివేశాల్లో తెలిసిపోతుంది. అయితే ఒక్క పాత్రతో నగరం నిండదు. ఆ లోటు లోటే.

తెరమీద ఏముందో, ఏం లేదో విమర్శకుడు ఎంత కటువుగానైనా చెప్పవచ్చు. అక్కడినుంచి దర్శకుణ్ణి ఒక రాజకీయ నాయకుడి ఖాతాలో వేయాలంటే ఆధారం కావాలి. నేను సమీక్ష రాసే ప్రతిసారీ ఈ గీత దాటకుండా చూసుకుంటాను.

మీకు నచ్చిన సినిమాను ఎవరైనా ఇలా నిలదీస్తే కోప్పడకండి. ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని ఇంకోసారి చూడండి. నేను అలా చూశాక ‘అమెలీ’ మీద ప్రేమ తగ్గలేదు, దాని లోటు మరుగున పడలేదు. మంచి విమర్శ చేయాల్సిన పని అదే.