రంగు కింది పనితనం

పాత కారు కొనడానికి వెళ్లినవాళ్లు ముందు చూసేది మెరుపు. పని తెలిసిన మిస్త్రీ మెరుపు జోలికి పోడు. కారు పక్కన వంగి, కంటిని రేకు మట్టానికి దించి, ముందు నుంచి వెనక దాకా ఏటవాలుగా చూస్తాడు. తలుపు మీద కనిపించే కరెంటు స్తంభం ప్రతిబింబం తిన్నగా ఉందా, ఎక్కడైనా వంకర తిరిగిందా అని చూసుకుంటాడు. ప్రతిబింబం వణికిన చోట, పైన రంగు ఎంత కొత్తదైనా, కింద సొట్ట సరిగా పోలేదని అర్థం. కారు పెయింటింగ్ నాణ్యతకు ఇంతకన్నా నమ్మదగిన పరీక్ష లేదని నా గట్టి అభిప్రాయం. పని బాగుంటుందో లేదో రంగు చల్లే స్ప్రే గన్ చేతికి తీసుకోకముందే తేలిపోతుంది. రేకు మీద ఎన్ని గంటలు చెయ్యి తిరిగిందో రంగు అంత బాగా నిలుస్తుంది.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి జహీరాబాద్ తగిన ఊరు. హైదరాబాద్‌కు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. హైదరాబాద్ నుంచి ముంబై వైపు పోయే లారీలు ఎక్కువగా ఈ దారినే పోతాయి. 1980ల్లో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ పేరుతో చిన్న లారీల ఫ్యాక్టరీ వచ్చింది. ఆ ఆల్విన్ మూలాలు 1942లో హైదరాబాద్‌లో పెట్టిన ఆల్విన్ మెటల్ వర్క్స్‌లో ఉన్నాయి. బస్సు బాడీలు, ఇనుప బీరువాలు, తర్వాత ఫ్రిజ్‌లు తయారుచేసిన సంస్థ అది. రేకు వంచి, నునుపు చేసి, రంగు వేయడమే దాని ప్రధాన విద్య. 1980ల చివర్లో జహీరాబాద్ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. 2013 నుంచి ట్రాక్టర్లు కూడా ఇక్కడ తయారవుతున్నాయి. ఫ్యాక్టరీ రంగు, రిపేరు షెడ్డు రంగు పక్కపక్కనే కనిపించే ఇలాంటి ఊళ్లో రెండింటికీ తేడా ఏమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

ఇవాళ్టి కార్ల ఫ్యాక్టరీలో ఉత్త రేకు బాడీని ముందు జిడ్డు పోయేలా కడిగి, ఫాస్ఫేట్ పూత పట్టిస్తారు. తర్వాత ప్రైమర్ తొట్టిలో మొత్తంగా ముంచి కరెంటు పంపుతారు. బ్రష్షు, గన్ చేరని మూలల్లోకి కూడా ప్రైమర్ పాకుతుంది. దాన్ని ఓవెన్‌లో కాలుస్తారు. ఆపైన మట్టం చేసే సర్ఫేసర్, రంగు, దాని మీద క్లియర్ కోట్ వేసి మళ్లీ 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇన్ని పొరలూ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందం.

షెడ్డుకు వచ్చిన కారును అలా కాల్చడం కుదరదు. లోపల వైర్లు, ప్లాస్టిక్, సీట్లు, ట్యాంకులో పెట్రోలు ఉంటాయి. మంచి వర్క్‌షాపులో పెయింట్ బూత్ ఉన్నా 60 డిగ్రీల దగ్గర అరగంట వేడి పెట్టడమే గొప్ప. అందుకే అక్కడ వాడే రంగులు వేరు. వేడితో గట్టిపడే రంగుకు బదులు హార్డెనర్ కలిపితే రసాయన చర్యతో గట్టిపడే రంగు వాడతారు. తొట్టీ ఓవెనూ చేసే పనిని షెడ్డులో మనిషి తన చేతులతో, ఓపికతో చేయాలి.

మొదటి పని సొట్ట తీయడం. కారు రేకు మందం ముప్పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ. దెబ్బ తగిలినప్పుడు ఆ రేకు ఒక వరసలో మడతపడుతుంది. మిస్త్రీ ఆ వరసను చదివి, చివర పడ్డ మడతను ముందు విప్పుతాడు. మొదట దెబ్బ తగిలిన గుంట ఆఖరున పైకి వస్తుంది. గుంట కనిపించింది కదా అని దాన్నే కొట్టుకుంటూ పోతే రేకు సాగిపోతుంది. సాగిన రేకు వేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోయి టక్కుమని బయటికి వస్తుంది. అప్పుడు దాన్ని చిన్న మంటతో వేడిచేసి, తడిగుడ్డ పెట్టి చల్లార్చి కుదించాల్సి వస్తుంది. లోపలి నుంచి డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి, బయటి నుంచి సుత్తితో తేలిగ్గా తడుతూ పోతుంటే రేకు పాత ఒంపు తిరుగుతుంది. పెయింటు చిట్లని చిన్న సొట్టనైతే సన్నటి ఇనుప కడ్డీలతో వెనక నుంచి తోసి, రంగు ముట్టుకోకుండానే తీసేవాళ్లున్నారు. అంతకంటే మంచి రిపేరు ఉండదు, ఎందుకంటే ఫ్యాక్టరీ పొరలన్నీ అలాగే ఉంటాయి.

తర్వాత పల్లాలు పూడ్చే లప్పం. లప్పం వాడటం తప్పేమీ కాదు, సుత్తి చేయాల్సిన పనిని లప్పంతో చేయించడం తప్పు. రెండు మూడు మిల్లీమీటర్లు దాటిన లప్పం ఎండకూ చలికీ రేకుతోపాటు సమానంగా సాగదు, ముడుచుకోదు. కొన్ని నెలలకు అంచు గీత తేలుతుంది, ఆ తర్వాత పగుళ్లు వస్తాయి. హార్డెనర్ రెండు మూడు శాతం పడాలి. తక్కువైతే లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఎక్కువైతే అది పై రంగులోకి ఊరి మరక కడుతుంది. చిలుము పట్టిన రేకును మెరిసేదాకా గీకకుండా పైన పూసేస్తే, చిలుము లప్పం కిందనే పాకి ఒక వానాకాలానికి బుడగలై లేస్తుంది. ఇంకొక సంగతి చాలామంది మిస్త్రీలతోనే వాదించాల్సి వస్తుంది. పాలిస్టర్ లప్పం నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని పొడిగానే రుద్దాలి. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దితే పని సులువు, దుమ్ము లేవదు, కానీ ఆ చెమ్మ రంగు కింద దాగి ఎండలో బుడగ కడుతుంది. తడి రుద్దుడు ప్రైమర్ మీద, రంగు మీద చేయవచ్చు.

రుద్దే గరుకు పేపర్ పనిలో వరస తప్పకూడదు. 80 నంబరు గరుకుతో మొదలుపెట్టి 180, 320 మీదుగా సర్ఫేసర్ పడ్డాక 600, 800 దాకా వెళ్లాలి. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే ముందరి గీతలు కింద ఉండిపోయి, రంగు ఆరాక పైకి తేలతాయి. నల్లటి రంగు పలచగా చల్లి రుద్దితే, నలుపు మిగిలిన చోట పల్లం, రేకు తేలిన చోట మిట్ట. ఈ తేడాను కన్ను పట్టలేనప్పుడు అరచెయ్యి పడుతుంది. పలచటి గుడ్డ మీదుగా అరచేతిని నిలువునా జరిపి చూస్తే వేళ్లకు దొరకని ఎత్తుపల్లాలు తెలుస్తాయి. షెడ్డులో చేరిన కుర్రాడికి ఉస్తాద్ మొదట పేపరే ఇచ్చి కూర్చోబెడతాడు, గన్ ఎప్పుడో తర్వాత. ఆ వరసలో న్యాయం ఉంది.

తెలంగాణకు ఈ విద్య కార్లతో వచ్చింది కాదు. నిర్మల్ కళాకారులు పొనికి చెక్క బొమ్మకు చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, తెల్లమట్టి పూసి, నునుపుగా రుద్దిన తర్వాతే రంగు పెడతారు. పల్లం నింపడం, మిట్ట గీకడం, ఆ పైన రంగు. వరస అదే. ఇప్పుడు నిర్మల్‌లో వాడే రంగులూ డ్యూకోలే. డ్యూకో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో కార్ల కోసం తెచ్చిన రంగు. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. డ్యూకో ఆ పనిని గంటల్లోకి తెచ్చింది. కార్ల కోసం పుట్టిన రంగు నిర్మల్ బొమ్మల మీదికి చేరిందంటే, రెండు పనుల పద్ధతి ఒకటే కావడం ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఇక గన్. జానెడు దూరం, రేకుకు నిటారుగా, ఒకే వేగంతో చెయ్యి కదలాలి. ప్రతి వరస ముందరి వరసలో సగాన్ని కప్పాలి. దగ్గరైతే రంగు కారుతుంది. దూరమైతే గాలిలోనే ఆరి గరుకుగా పడుతుంది. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్లో ఇది మరీ కష్టం. వాటిలోని అల్యూమినియం పలుకులు తడిగా పడితే లోపలికి కుంగి ముదురుగా, పొడిగా పడితే పైనే నిలిచి లేతగా కనిపిస్తాయి. ఒకే డబ్బాలోని రంగు రెండు చేతుల్లో రెండు రంగులవుతుంది. అందుకే రంగు కోడ్ చూసి కలిపినంత మాత్రాన పని అయిపోదు. ఎండకు వెలిసిన కారుకు ఆ కోడ్ కూడా సరిపోకపోవచ్చు. ముక్క రేకు మీద కొట్టి, ఆరనిచ్చి, ఎండలో కారు పక్కన పెట్టి పోల్చాలి. ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగు ఎండలో విడిపోతుంది. మంచి పెయింటరు ఒక తలుపే రంగు వేయమన్నా పక్క తలుపులోకి రంగును పలచగా లాగి, రెండింటి మీదా క్లియర్ కోట్ నిండుగా వేస్తాడు. అతుకు ఎక్కడుందో కంటికి అందదు.

జహీరాబాద్ ఎర్రనేల దుమ్ము ఈ పనికి పెద్ద శత్రువు. బూత్ లేని షెడ్డులో గన్ పట్టే ముందు నేలంతా నీళ్లు చల్లుతారు. ఎండాకాలం థిన్నర్ త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి నిదానంగా ఆరేది వాడాలి. వానాకాలం గాలిలో చెమ్మ ఎక్కువైతే డ్యూకో రంగు తెల్లగా మసకబారుతుంది. అలాంటి రోజు పని ఆపిన పెయింటరును నమ్మవచ్చు.

ఇంత పనికి మనం ఇచ్చే విలువ ఎంత? మోటారు బీమా నిబంధనల్లో ఒక మాట ఉంది. పెయింటింగ్ బిల్లు మొత్తంగా ఇస్తే, అందులో సామగ్రి వాటాను 25 శాతంగా లెక్కించి దాని మీదే 50 శాతం తరుగుదల కోస్తారు. మిగతా 75 శాతం చేతిపని అని బీమా కంపెనీ లెక్కే ఒప్పుకుంటోంది. మనం మాత్రం ఏ కంపెనీ రంగు, ఎంతకిస్తావు, సాయంత్రానికి అవుతుందా అని మూడే అడుగుతాం. సాయంత్రానికి కావాలంటే పేపర్ నంబర్లే ఎగిరిపోతాయి. ఇంకేదీ తగ్గించడానికి వీల్లేదు.

ఈ పనిలో మరో ఖర్చు ఉంది, అది ఏ బిల్లులోనూ ఉండదు. రంగులో, క్లియర్ కోట్‌లో కలిపే హార్డెనర్లలో ఉండే ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదం. పనివల్ల వచ్చే ఉబ్బసానికి ప్రపంచమంతటా ముఖ్య కారణాల్లో ఇవి ఒకటి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత కొద్దిపాటి మోతాదుకే ఆయాసం వస్తుంది. మూతికి కట్టుకున్న చేతిరుమాలు ఈ ఆవిరిని ఆపదు. కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కనీస అవసరం, బయటి గాలి అందించే మాస్కు అయితే మేలు.

ఈసారి కారుకు రంగు వేయించేటప్పుడు, ప్రైమర్ కొట్టకముందు ఒకసారి పిలవమని మిస్త్రీకి చెప్పండి. వెళ్లి లప్పం మందం చూడండి, రేకు మీద అరచెయ్యి పెట్టి చూడండి. ఇంకో రోజు కావాలంటే ఇవ్వండి. గన్ పట్టే మనిషి ముఖాన సరైన మాస్కు లేకపోతే, దాని ధర కూడా బిల్లులో రాయమని మీరే అడగండి.