విప్పి చూసుకునే విద్య

అంబాసిడర్ కారు 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. అన్నేళ్లలో బండి ఆకారం పెద్దగా మారలేదు. బానెట్ కింద ఉన్నది మాత్రం మారుతూ వచ్చింది. మొదట 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్, ఆ వెంటనే 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్, 1980 ప్రాంతంలో అదే 1489 సీసీలో డీజిల్, 1990లలో ఇసుజు వారి 1.8 లీటర్ పెట్రోల్. ఇంజన్ మార్పుకు అంబాసిడర్ కంపెనీయే 1984లో తెచ్చిన కాంటెస్సా ఇంకా స్పష్టమైన ఉదాహరణ. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్ ఒంటికి మొదట అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్నే తగిలించారు. అంత బరువును అది లాగలేకపోయింది. తర్వాత ఇసుజు ఇంజన్ వేశాకే ఆ కారుకు తగిన బలం వచ్చింది. ప్రీమియర్ 118 ఎన్ఈలో ఒళ్లు ఫియట్‌ది, ఇంజన్ నిస్సాన్‌ది. మహీంద్రా జీపు పెట్రోల్ హరికేన్ ఇంజన్ నుంచి ప్యూజో డీజిల్‌కు మారింది. ఒక బండిలో ఇంకో ఇంజన్ కూర్చోబెట్టడమనేది వీధి చివరి షెడ్డులో పుట్టిన ఆకతాయి పని కాదని, మన కార్ల పరిశ్రమ తానే నడిచిన దారి అని ఈ చరిత్ర చెబుతుంది. పాత కారును సొంతంగా బాగుచేసుకోవడాన్ని, అవసరమైతే ఇంజన్ మార్చుకోవడాన్ని చాలామంది గతిలేనివాళ్ల సర్దుబాటుగా చూస్తారు. నిజానికి అది కొలత మీద, కారణం వెతకడం మీద నిలబడిన విద్య. ఆ రెండూ ఉన్నంతవరకే దానికి విలువ. అవి లేనప్పుడు అది ప్రమాదం.

ఈ విద్య మన దగ్గర వేళ్లూనడానికి కారణం కొరత. లైసెన్సు, పర్మిట్ల కాలంలో కొనుక్కోదగ్గ కార్లు అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటివి రెండు మూడే. డబ్బు కట్టినా ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 1983 చివర్లో మారుతీ 800 వచ్చేదాకా పరిస్థితి అదే. బండి ఒకసారి ఇంటికొచ్చిందంటే పాతికేళ్లు నడవాల్సిందే. అలా నడిపించాల్సిన అవసరంలోంచే మెకానిక్ షెడ్లు, లేత్ షాపులు, పాత సామాను అంగళ్లు పెరిగాయి. విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం ఆటోనగర్లలో ఈ పనులన్నీ ఒకచోట చేరాయి. బోరింగు ఒకరు, రేడియేటర్ ఒకరు, టింకరింగ్ ఒకరు, వైరింగ్ ఒకరు. పాత బండిని తిరగగట్టడంలో మనవాళ్లకున్న నమ్మకానికి తెలుగు నేల మీద అందరూ ఎరిగిన గుర్తు ఒకటుంది. ఎన్టీ రామారావు 1982లో ఊరూరా తిరిగిన చైతన్య రథం పాత షెవర్లే వ్యానును మార్చి కట్టినదే.

పాత కారు ఈ విద్యకు లొంగేలా కట్టిన యంత్రం. బానెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చేతులు పట్టే చోటు ఉంటుంది. గాలీ పెట్రోలూ కలిపే పని కార్బొరేటర్‌ది. నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పేది డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు. మధ్యలో కంప్యూటర్ లేదు. బ్యాటరీ స్టార్టర్‌ను తిప్పలేనంత నీరసించినా ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేయవచ్చు. ఇంటి దగ్గర చేసుకునే పనులకు అంగుళాల కొలతల పానాల సెట్టు, ప్లగ్గు పానా, ఫీలర్ గేజి, ఒక జాకీ, దాని కింద నమ్మకమైన స్టాండ్లు చాలు. వీటిలో పల్చటి రేకుల కట్టలా కనిపించే ఫీలర్ గేజే ఈ విద్యకు గురువు. పాయింట్ల మధ్య సందు ఉండాల్సింది సుమారు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యికి 15 వంతులు. సందు తగ్గితే పాయింట్లు కాలిపోతాయి, టైమింగ్ వెనకబడుతుంది. పెరిగితే కాయిల్ నిండా చార్జి కావడానికి వ్యవధి చాలదు, వేగంలో ఇంజన్ తడబడుతుంది. వాల్వులను నెట్టే టాపెట్ల సంగతీ అంతే. సందు ఎక్కువైతే టపటప చప్పుడు చేసి మనకు చెబుతుంది. తక్కువైతే చప్పుడు చేయదు. వాల్వు పూర్తిగా మూసుకోక, వేడిని వదిలించుకోలేక నెమ్మదిగా కాలిపోతుంది. నిశ్శబ్దంగా నడిచే ఇంజన్ బాగున్నట్టే అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క సందు చాలు నేర్పడానికి.

కొలత తర్వాతి మెట్టు కారణం వెతకడం. ఇంజన్ తన లోపలి సంగతిని బయటికి చెబుతూనే ఉంటుంది. ప్లగ్గు విప్పి మొన చూస్తే కాఫీపొడి రంగులో ఉండాలి. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. తెల్లగా ఉంటే తక్కువ పడుతోంది, ఇంజన్ వేడెక్కుతోంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు తాగుతున్నట్టు. నల్ల పొగ కాలని ఇంధనం. వేడెక్కాక కూడా తెల్లటి ఆవిరి ఆగకపోతే నీళ్లు సిలిండర్లోకి దిగుతున్నాయని, హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. బండి లాగడం లేదనిపించినప్పుడు కంప్రెషన్ గేజి పెట్టి ఒక్కో సిలిండర్‌నూ చూస్తారు. ఒకదాంట్లో తక్కువ చూపిస్తే ప్లగ్గు కన్నంలోంచి చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. ఈసారి ఒత్తిడి పెరిగితే ఆయిలు రింగుల సందును కప్పిందని అర్థం, కాబట్టి అరిగింది రింగులో బోరో. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉంది. చెంచాడు ఆయిలుతో ఇంజన్ విప్పకుండానే రోగం పైన ఉందో కింద ఉందో తేలిపోతుంది. ఊహతో సామాను మార్చేవాడికీ పరీక్షతో కారణం తేల్చేవాడికీ తేడా ఇక్కడే ఉంది.

ఇంజన్ బోరుకొచ్చినప్పుడు పని ఇల్లు దాటుతుంది. దాటాలి కూడా. విప్పడం, శుభ్రం చేయడం, ఏ భాగం ఎక్కడిదో గుర్తులు పెట్టుకోవడం, వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో సీటు మీద తిప్పి అతుకు సరిచేయడం సొంత చేతుల పని. సిలిండర్‌ను సమంగా కోయడం, క్రాంకును గ్రైండ్ చేయడం లేత్ షాపు పని. కోసిన ప్రతిసారీ పది, ఇరవై, ముప్ఫై థౌల చొప్పున పెద్దవైన పిస్టన్లు వేస్తారు. ఇక కోయడానికి లోహం లేదన్నప్పుడు లైనర్ దింపి మళ్లీ మొదటి సైజుకు తెస్తారు. ఒకే బ్లాకు రెండు మూడు జన్మలు ఎత్తడానికి వీలుగానే దాన్ని పోత పోశారు. ఏ పని తనది, ఏది మరొకరిదో తెలిసి ఉండటం కూడా ఈ విద్యలో భాగమే. సొంతంగా చేసుకోవడమంటే అన్నీ తానే చేయడం కాదు. తన బండికి ఏం జరుగుతోందో అడగగలిగి, వచ్చిన జవాబును సరిచూసుకోగలగడం.

ఇక ఇంజన్ మార్పిడి ఈ విద్యకు అసలైన పరీక్ష. చెయిన్ బ్లాకుతో ఒకటి ఎత్తి ఇంకొకటి దింపడం ఇందులో అన్నిటికంటే సులువైన పని. కష్టమంతా ఆ తర్వాతే. కొత్త ఇంజన్ పాత గేర్‌బాక్స్‌కు నేరుగా కూర్చోదు, మధ్యలో అడాప్టర్ ప్లేటు చేయించాలి. క్రాంకు కేంద్రమూ గేర్‌బాక్స్ షాఫ్టు కేంద్రమూ కొన్ని థౌల తేడాలోపే కలవాలి. లేకపోతే బుష్ అరిగి, క్లచ్ సరిగ్గా విడవక, గేర్లు జారుతాయి. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివర్ల కోణాలు సమంగా ఉండాలి, లేకపోతే ఒక వేగం దాటగానే బండంతా వణుకుతుంది. వీటన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది వెనక హౌసింగ్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె. చిన్న లెక్క చూద్దాం. టైరు చుట్టుకొలత రెండు మీటర్లు అనుకుంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 500 సార్లు తిరుగుతుంది. రేషియో 4.5 అయితే డైరెక్ట్ టాప్ గేరులో ఇంజన్ 2250 చుట్లు తిరుగుతుంది. గంటకు 100 దగ్గర 3750. ఆరువేల దాకా తిరగగల పెట్రోల్ ఇంజన్‌కు ఇది తేలిక. నాలుగు వేల దగ్గర ఆగిపోయే పాత డీజిల్‌కు అది ఊపిరాడని స్థితి. రేషియో 3.9కి దించితే అదే వేగానికి 3250 చాలు. ఈ లెక్క వేయకుండా పెట్రోల్ బండిలో డీజిల్ దించి, బండి అరుస్తోంది, లాగడం లేదు అని ఇంజన్‌ను తిట్టుకోవడం న్యాయం కాదు.

ఇంజన్ మార్చడమంటే ఇంజన్ ఒక్కటే మార్చడం కాదన్నది అసలు పాఠం. డీజిల్ ఇంజన్ బరువెక్కువ, వణుకూ ఎక్కువ. మౌంటింగులు ఆ వణుకును తట్టుకోవాలి, ముందు సస్పెన్షన్ ఆ బరువును మోయాలి. బ్రేకుకు వ్యాక్యూం బూస్టర్ ఉన్న బండి అయితే డీజిల్‌కు విడిగా వ్యాక్యూం పంపు కావాలి, ఎందుకంటే పెట్రోల్ ఇంజన్ గాలి గొట్టంలో పుట్టే పీల్పు దీంట్లో పుట్టదు. ఇంజెక్టర్ల నుంచి మిగిలిన ఇంధనం ట్యాంకుకు తిరిగిపోవడానికి ఇంకో పైపు వేయాలి. రేడియేటర్ సైజు సరిచూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, బలం పెంచినంతగా ఆపే శక్తీ పెంచాలి. పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఆ బ్రేకులు 1489 సీసీ ఇంజన్ వేగానికి లెక్కగట్టినవి. రెట్టింపు బలమున్న ఇంజన్ పెట్టి వాటిని అలాగే వదిలేసినవాడు బండిని బాగుచేసినట్టు కాదు, పాడుచేసినట్టు.

ఈ విద్య మీద వచ్చే మొదటి అభ్యంతరం భద్రత, చట్టం. అది న్యాయమైన అభ్యంతరమే. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ నిర్దేశించినవాటికి భిన్నంగా తయారయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అరిగిపోయిన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ వేసుకోవడానికి, ఆమోదం పొందిన కిట్‌తో ఇంధనం మార్చుకోవడానికి దారి ఉంది. అది రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదంతో, కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకుని నడవాల్సిన దారి. నంబరు ఎక్కని ఇంజన్ దొంగసొత్తు కాదని చెప్పుకోవడానికి కూడా ఆధారం ఉండదు. ఈ నిబంధనలు విద్యకు అడ్డు కావు. కొలతను నమ్మే చేయి కాగితాన్ని కూడా కొలతగానే చూడాలి.

రెండో అభ్యంతరం కాలుష్యం. పాత ఇంజన్ కిలోమీటరుకు వదిలే పొగ 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 కారు వదిలేదానికంటే చాలా ఎక్కువ. దీన్ని కాదనలేం. అందుకే రోజూ ఊరంతా తిరగడానికి పాత కారే మేలని ఎవరూ వాదించకూడదు. కానీ రోడ్డు మీద ఉన్న పాత బండి ఎలాగూ నడుస్తున్నప్పుడు, దాన్ని తెలిసి నడపడానికీ తెలియక నడపడానికీ మధ్య పొగలో తేడా ఎంతో ఉంటుంది. పాయింట్లు, మిక్స్చర్, రింగులు సరిగ్గా ఉన్న ఇంజన్ తక్కువ తాగుతుంది, తక్కువ వదులుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రంను మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో ఏళ్లనాటి మడ్డిని కదిపి జెట్లలోకి తెస్తుంది, మిశ్రమాన్ని పల్చబరుస్తుంది. పైపులు మార్చుకోవాలని, ఫిల్టర్ వేయాలని, జెట్టు సరిచూసుకోవాలని తెలిసిన యజమాని బండి క్షేమంగా ఉంటుంది. తెలియని యజమాని బండి కారిన పెట్రోలుకు అంటుకోవచ్చు. విద్య అవసరం తగ్గలేదు, పెరిగింది.

మూడో అభ్యంతరం ప్రాచీన వాహనాలను ప్రేమించేవాళ్లది. ఇంజన్ మారిస్తే చరిత్ర చెరిగిపోతుందని వాళ్లంటారు. వాళ్ల మాటకు చట్టం తోడుంది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఒంట్లోనూ ఇంజన్లోనూ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు దొరుకుతుంది. కాబట్టి అసలు ఇంజన్, చాసిస్ నంబర్లతోనే మిగిలిన అరుదైన బండిని కోయకూడదు. దాన్ని అసలు భాగాలతోనే నిలపాలి. ఇంజన్ ఎప్పుడో పోయి, బాడీ మాత్రం గట్టిగా ఉన్న వేల బండ్ల సంగతి వేరు. వాటికి రెండే దారులు: మరో ఇంజన్, లేదా తుక్కు. వాటిలో మొదటిదాన్ని ఎంచుకోవడం చరిత్రను చెరపడం కాదు. తీసిన భాగాలను దాచి, చేసిన మార్పులను నోటు పుస్తకంలో రాసి, మళ్లీ వెనక్కి తిప్పుకునే వీలుంచడం మంచి పనివాడి లక్షణం.

చివరగా మిగిలేది ఒక ప్రశ్న: ఇంత శ్రమ దేనికి? డబ్బు లెక్క ఒక్కటే వేస్తే చాలాసార్లు జవాబు దొరకదు. ఈ విద్య ఇచ్చేది వేరే. వస్తువు పాడైతే పారేయడం తప్ప దారి లేదన్న అలవాటు మన ఇళ్లలో పెరుగుతోంది. కారు ఆగిపోతే ఎందుకు ఆగిందో అడగడమే మానేశాం. పాత కారు ముందు నిలబడినవాడు ఆ ప్రశ్న అడగక తప్పదు. అడిగితే జవాబు దొరుకుతుందని కూడా తెలుసుకుంటాడు. ఈ విద్య పుస్తకాల్లో ఉన్నది తక్కువ, ఆటోనగర్ షెడ్లలో వయసు మీరిన చేతుల్లో ఉన్నది ఎక్కువ. ఆ చేతులు ఆగిపోయేలోగా ఐటీఐల్లో మోటారు మెకానిక్ చదివే పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టాలి. వాళ్ల కొలతలను, గుర్తులను తెలుగులో రాయించాలి. ఇంటి ముందు పాత బండి ఉన్న ప్రతి ఒక్కరూ ఒక ఫీలర్ గేజి కొని, తొలిసారి పాయింట్ల సందును తమ చేత్తోనే చూసుకోవాలి. విద్య మొదలయ్యేది అక్కడే.