మాటతో నడిచే ఫోనుకు తెలుగు విధిరూపం: ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

చేతులతో తాకకుండా కేవలం మాటతో స్మార్ట్‌ఫోన్‌ను నడిపే సౌకర్యం చేతుల కదలిక లేనివారికి స్వాతంత్ర్యసాధనం. అయితే ఈ సౌకర్యంలోని ఆదేశాలు ఇంగ్లీషు వాక్యక్రమంపై నిర్మితమయ్యాయి. తెలుగులోని విధ్యర్థక క్రియ, గౌరవవాచకం, అనుకరణార్థక ‘అని’, సంధి అనే నాలుగు అంశాల ఆధారంగా తెలుగు ఆదేశభాష ఎలా ఉండాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మాటాదేశం, విధ్యర్థకం, గౌరవవాచకం, సంధి, సార్వజనీన రూపకల్పన.

1. ఉపోద్ఘాతం:

ఫోనుతో మాట్లాడటంలో మూడు స్థాయులు ఉన్నాయి. చెప్పిన మాటను అక్షరాలుగా మార్చడం మొదటిది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం రెండవది. తెరమీది ప్రతి మీటనూ మాటతోనే నొక్కడం, పేజీని జరపడం, తప్పును దిద్దడం మూడవది. చేతులు వాడలేని వ్యక్తికి నిజంగా అవసరమైనది ఈ మూడవ స్థాయే. ఆండ్రాయిడ్‌లో ‘వాయిస్ యాక్సెస్’ 2018లోనూ, ఐఫోన్‌లో ‘వాయిస్ కంట్రోల్’ 2019లోనూ ఇంగ్లీషు ఆదేశాలతో ప్రజలకు అందాయి. గూగుల్ మాటటైపింగులోకి తెలుగు 2017లోనే వచ్చింది. అంటే తెలుగు ముందుగా ఫోనులోకి ‘విషయం’గా ప్రవేశించింది, ‘ఆజ్ఞ’గా కాదు. ఉత్తరాన్ని తెలుగులో చెప్పిన వ్యక్తి దాన్ని పంపడానికి తెలుగును విడిచిపెట్టవలసిన స్థితి ఇలా ఏర్పడింది.

మెడ వద్ద వెన్నుపాము దెబ్బతిని చేతుల కదలిక కోల్పోయిన వ్యక్తి విషయంలో ఇది చిన్న లోటు కాదు. ‘సెండ్’ మీట నొక్కడానికి మరొకరిని పిలిస్తే, ఆ ఉత్తరాన్ని వారు చదివే అవకాశం ఇచ్చినట్లే. ఇక్కడ భాష సమస్య ఏకాంతపు సమస్యగా మారుతుంది.

2. మీట మీది మాట ఎవరిది?

మాటాదేశ వ్యవస్థల్లో ముఖ్యమైన సూత్రం ఒకటుంది: మీట మీద ఏ పేరుంటే ఆ పేరు పలికితే అది పనిచేస్తుంది. కనుక తెరమీది అనువాదం చదవడానికే కాక పలకడానికి కూడా అనువుగా ఉండాలి. తెలుగు తెరలపై ‘రద్దు చేయి’, ‘రద్దు చేయండి’ అనే రెండు రూపాలూ కనిపిస్తాయి. వేలితో నొక్కేవారికి ఈ తేడా పట్టింపు కాదు. నోటితో చెప్పేవారికి మాత్రం ఒక ప్రశ్న ఎదురవుతుంది. ‘పంపండి’ అన్నది ఫోను మనిషితో మర్యాదగా అంటున్న మాటా, మనిషి ఫోనుతో అనవలసిన మాటా?

ఇంగ్లీషు విధిక్రియలో ఏకవచన, బహువచన భేదం లేదు కాబట్టి అక్కడ ఈ ప్రశ్న పుట్టదు. తెలుగులో ‘పంపు’, ‘పంపండి’ రూపాల మధ్య మనుషుల సంబంధమంతా ఉంది. యంత్రాన్ని ‘అండి’ అని గౌరవించాలని ఏ వక్తకూ తోచదు. అలాగని అలవాటుగా గౌరవరూపం వాడే వృద్ధురాలి మాటను యంత్రం తిరస్కరించకూడదు. తెరమీద ఏ రూపం ఉన్నా ‘పంపు, పంపించు, పంపండి, పంపెయ్, సెండ్ చెయ్యి’ అన్నింటినీ ఒకే ఆదేశంగా స్వీకరించడమే సరైన పరిష్కారం.

3. క్రియ చివర ఉండటం వల్ల వచ్చే చిక్కు:

ఇంగ్లీషు ఆదేశంలో క్రియ ముందు వస్తుంది. ‘టైప్’ అన్న మాట వినగానే తరువాతిదంతా రాయవలసిన విషయమని యంత్రానికి తెలుస్తుంది. తెలుగులో క్రియ వాక్యాంతంలో ఉంటుంది. ‘రేపు వస్తాను అని రాయి’ అన్నప్పుడు విషయం ముగిసిందని చెప్పే సరిహద్దు ‘అని’. కాని సహజమైన పలుకుబడిలో ఆ సరిహద్దు ఉత్వసంధిలో కలిసిపోయి ‘వస్తానని రాయి’ అవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సూత్రీకరించిన సంధికార్యం ఇక్కడ యంత్రానికి గోడగా నిలుస్తుంది. రాయవలసినది ‘వస్తాను’, వినబడినది ‘వస్తానని’.

మరొక ఉదాహరణ మరింత క్లిష్టమైనది. ‘అన్నయ్యకు డబ్బులు పంపమని మెసేజ్ పెట్టు’ అని తెలుగువారు సహజంగా అంటారు. ఇందులో రాయవలసిన వాక్యం నేరుగా లేదు. ‘పంపమని’ అన్న రూపం నుంచి ‘పంపు’ తీయాలా, ‘పంపండి’ తీయాలా? ఆ ఇంట్లో అన్నయ్యను ఏకవచనంతో పిలుస్తారో, గౌరవంతో పిలుస్తారో యంత్రానికి తెలియదు. తప్పుగా ఊహిస్తే ఉత్తరం వెళ్తుంది, మర్యాద పోతుంది. అందువల్ల ఉత్తరాల విషయంలో యంత్రం అర్థాన్ని ఊహించి వాక్యం అల్లడం కన్నా, ‘రాయి’ అని మొదలుపెట్టి, చెప్పినది చెప్పినట్లు రాసి, చూపించి, ‘రాసింది పంపు’ అన్న తరువాతే పంపే రెండంచెల పద్ధతి మేలు. ఇది వేగం తక్కువదే. కాని మాట మీది అధికారం మాట్లాడినవారి దగ్గరే ఉంటుంది.

4. అంకెలు, దిక్కులు:

పేరులేని గుర్తులను నొక్కడానికి ఈ వ్యవస్థలు తెరపై అంకెలు చూపుతాయి. తెలుగువారు సంభాషణలో ‘పద్నాలుగు’ అంటారు, ‘ఫోర్టీన్’ అనీ అంటారు. ఫోన్ నంబర్లు చెప్పేటప్పుడు ఇంగ్లీషు అంకెల వాడకమే ఎక్కువ. రెండింటినీ అంగీకరించాలి. ‘ఏడు’ సంఖ్యా, సంవత్సరమా అన్న సందిగ్ధత ఇక్కడ లేదు. అంకెలు తెరపై ఉన్నంతసేపు వినవలసిన మాటలు పరిమితం.

దిక్కుల విషయం అంత తేలిక కాదు. ‘కిందికి జరుపు’ అంటే పేజీని కిందికి జరపాలా, కింది భాగాన్ని చూపాలా? ఇంగ్లీషులోని ‘స్క్రోల్ డౌన్’ వాడుకలో స్థిరపడింది. దాన్ని మాటకు మాట తెచ్చుకుంటే అర్థం తలకిందులవుతుంది. ‘కింద ఉన్నది చూపించు’ అనడం తెలుగు ఆలోచనకు దగ్గర.

5. శుద్ధత వాదం – పరిమితి:

తెలుగులో ఆదేశాలు అనగానే ‘తెరువుము’, ‘శోధించుము’ వంటి రూపాలను కోరేవారుండవచ్చు. అది ఇంగ్లీషు అడ్డును తొలగించి గ్రాంథికపు అడ్డును పెట్టడమే. ‘వాట్సాప్ ఓపెన్ చెయ్యి’ అన్నది తెలుగు వాక్యమే; దాని క్రియాపదమూ, పదక్రమమూ తెలుగువి. కోస్తా, రాయలసీమ, తెలంగాణ పలుకుబళ్ల భేదాలను కూడా తప్పులుగా కాక పర్యాయాలుగా లెక్కించాలి.

6. ముగింపు:

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ విభాగం నిత్యోపయోగ ఎలక్ట్రానిక్ వస్తువులు సార్వజనీన రూపకల్పనతో లభించేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని చెబుతుంది. 2011 జనగణన ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది మాట్లాడే భాషలో ఆజ్ఞ ఇవ్వలేని పరికరం సార్వజనీనం అనిపించుకోదు. ఈ పని ఇంజనీర్లతోనే పూర్తి కాదు. విధ్యర్థకాలు, సంధులు, అనుకరణ వాక్యాలు, మాండలిక రూపాలు తెలుగు శాఖల అధ్యయన విషయాలే. ఆ జ్ఞానం తరగతి గది దాటి ఆదేశాల పట్టికగా రూపొందినప్పుడు, చేయి కదలని మనిషి తన ఉత్తరాన్ని తన భాషలో, మరొకరి కంట పడకుండా, తానే పంపుకోగలుగుతాడు.