ఒప్పుకోలుతో ముగిసే న్యాయం: ‘సి.ఐ.డి.’ ధారావాహిక ఆకర్షణ

బి.పి. సింగ్ రూపొందించిన హిందీ ధారావాహిక ‘సి.ఐ.డి.’ 1998 జనవరి 21న సోనీ ఛానెల్‌లో మొదలై 2018 అక్టోబరు వరకు సాగింది. 2024 డిసెంబరులో తిరిగి ప్రసారమైంది. కథలోని మలుపులు చాలావరకు ఊహకు అందేవే. అయినా ప్రేక్షకాదరణ తగ్గకపోవడానికి కారణాన్ని దాని నిర్మాణంలో వెతకాలి.

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ప్రతిభ వ్యక్తిగతమైనది. ‘సి.ఐ.డి.’లో ప్రతిభ బృందానిది. ఏసీపీ ప్రద్యుమ్న్ ప్రశ్నిస్తాడు, దయా తలుపు బద్దలు కొడతాడు, డాక్టర్ సాలుంఖే ప్రయోగశాలలో ఆధారాన్ని పలికిస్తాడు. ప్రతి భాగంలోనూ పునరావృతమయ్యే ఈ శ్రమవిభజన ఎరిగిన హరికథను మళ్లీ విన్న ఆనందాన్నిస్తుంది. వ్యవస్థ పనిచేస్తుందన్న భరోసానూ కల్పిస్తుంది.

అయితే ఆ భరోసా నేరస్థుడి ఒప్పుకోలు దగ్గరే ఆగిపోతుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడిపై రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ నిర్దేశించింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. చట్టం అనుమానించే చోటనే ధారావాహిక తృప్తిపడుతుంది. చెంపదెబ్బ సైతం అక్కడ దర్యాప్తు పద్ధతిగా చెలామణి అవుతుంది.

తెలుగుతోపాటు సవర, కువి భాషలు వినిపించే సాలూరు ఏజెన్సీ ప్రాంతం నుంచి చూస్తే ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. సాక్షి మాట ఏ భాషలో నమోదైంది, దానిని ఎవరు తెనిగించారు అన్నవి అటువంటి చోట దర్యాప్తుకు తొలి ప్రశ్నలు. తెరపై అందరూ ఒకే భాషలో నేరం ఒప్పుకుంటారు.

సత్యం తప్పక బయటపడుతుందన్న ప్రజల ఆశే ఈ ధారావాహికకు దీర్ఘాయువునిచ్చింది. ఆ ఆశను న్యాయస్థానం గడప దాకా తీసుకువెళ్లకపోవడమే దాని పరిమితి.