ఊఁ కొట్టువారు లేని కథ

మన కథాపరిశోధకులు చెప్పువానిని వెదకినంత శ్రద్ధతో వినువానిని వెదకలేదు. షోలాపూరు తూర్పు పేటలలో, పద్మశాలీల ఇండ్ల ముంగిట ఒక సాయంకాలము కూర్చున్నవారికి ఈ లోపము వెంటనే తెలియును.

తెలంగాణము నుండి మగ్గమును నమ్ముకొని వలస వచ్చిన ఈ కుటుంబములకు రెండు తెఱగుల కథలు కలవు. మొదటిది కులపురాణము. మార్కండేయుని, భావనాఋషిని గూర్చిన ఆ కథను కూనపులివారు పటము చూపి చెప్పుదురు. దానిని గూర్చి వ్రాసినవారు కలరు. రెండవది ప్రతిదినము పుట్టి ప్రతిదినము మాసిపోవునది. దీనికి పటము లేదు, పేరును లేదు. నా విచారణ దీనిని గూర్చియే.

బీడీలు చుట్టు స్త్రీలు చేటలు ఒడిలో పెట్టుకొని గడపవద్ద కూర్చుందురు. ఒకామె, ఆనాడు తాను చుట్టినవానిలో కొన్నింటిని పనికిరావని తీసివేసిన సంగతి ఎత్తుకొనును. పక్కనున్నామె "ఊఁ" అనును. వేఱొకామె "ఎన్ని తీసిండ్రు?" అని అడుగును. చెప్పునామె వెంటనే బదులీయదు. అక్కడ నిలిచిన వరుసను, తన ముందున్న ముసలామె మొగమును వర్ణించి, అటుపిమ్మటనే లెక్క చెప్పును. ఆ ఆలస్యమే ఇందలి శిల్పము. దానిని పుట్టించినది ప్రశ్న. అంతలో ఊఁ కొట్టుచున్నామె "మా వదినకు గూడ గిట్లనే ఆయె" అని తన కథ కలుపును. ఇది అడ్డుపలుకని పండితులనవచ్చును. నమ్మితినని వేసిన ముద్రయని నేనందును.

ఈ ఊఁలను, ప్రశ్నలను తొలగించి ఒక్కరి నోటి వాక్యములుగా కూర్చినచో మిగులునది వట్టి ఫిర్యాదు. మన సంకలనములలో పెక్కింటి దోషమిదియే.

చరిత్ర కథయగునపుడును ఇంతే. 1930లో ఈ పట్టణమున సైనికశాసనము విధింపబడెను. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందేలను ఉరితీసిరి. గ్రంథములలో ఇవి తేదీలు. ఇంటిలో ఒక బాలుడు "అప్పుడు మన తాత ఏడ ఉండె?" అని అడిగిననే అది కథ.

పురుషుల ముచ్చట్లేల సన్నగిల్లినవి? చేతిమగ్గము మనిషి చేతిలోనిది. పోగు తెగిన ఆగును, మాటకు చోటిచ్చును. మరమగ్గముల హోరులో సైగ చెల్లును గాని కథ చెల్లదు. కావుననే కథ బీడీచేటల చెంత చేరినది.

మరాఠీ బడులలో చదువు పిల్లలు ఊఁకు బదులుగా "మగ?" అందురు. తెలుగు చెడినదని కొందఱు వగతురు. నాయనమ్మ మాత్రము కథ నాపదు.